మూడో జత టైర్లు

ఏడాది తిరక్కుండానే మూడో జత టైర్లు కూడా బోడిగుండులా నున్నగా అయిపోయాయి.

"ఎవరో విమానాన్ని దించడం లేదు, ఎత్తి పడేస్తున్నారు," అంది లెక్కల టీచరమ్మ, అరిగిన టైరు మీద వేలు రాసి చూపిస్తూ.

పళ్ల డాక్టరు గబగబా రెండో టైరుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ బుల్లి విమానానికి యజమానులు ముగ్గురు. టీచరమ్మ, బేకరీ ఆయన, పళ్ల డాక్టరు. ఏడేళ్ల కిందట తలా కాస్త వేసుకుని ఎక్కడినుంచో లారీలో తెప్పించుకున్నారు. ఒక్క మనిషే పట్టే విమానం. అదే ధరకి రెండు సీట్లది ఇస్తానని అమ్మినాయన మొత్తుకున్నా, ముగ్గురూ ఏకకంఠంతో వద్దన్నారు.

నెలలో మొదటి మూడు ఆదివారాలు తలా ఒకటి. ఒకరి వంతు రోజున మిగతా ఇద్దరూ ఆ ఛాయలకి కూడా రాకూడదు. ఎవరైనా చూస్తుంటే చెయ్యి తడబడుతుందట. క్లబ్బు పెట్టిన రోజున రాసుకున్న మొదటి నియమం అదే. ముగ్గురి చేతులూ ఒక్కసారే లేచాయి. ఇక నాలుగో ఆదివారం అందరూ కలిసి విమానాన్ని కడగడం, తుడవడం, ఖర్చులు పంచుకోవడం, తీరిగ్గా పోట్లాడుకోవడం.

రెండో నియమం ఇప్పుడు డాక్టరుగారి పీకల మీదికొచ్చింది. విమానాన్ని పాడుచేసినవాళ్లు వాటా వదులుకుని బయటికి నడవాలి.

అలా నడవాల్సొస్తే? తల్చుకుంటేనే ఆయనకి ఏడుపొచ్చింది. వారమంతా ఆయన్ని చూడగానే జనం నోరు మూసుకుంటారు. తెరవండి బాబూ అని బతిమాలుకోవాలి. ఆ ఒక్క ఆదివారమే ఆయన కెప్టెన్. తోలు కోటు, నల్ల కళ్లద్దాలు, మెడలో తెల్ల మఫ్లరు! ఒకప్పుడు అల్లుడు వచ్చాడంటే పేపరు అడ్డం పెట్టుకునే మామగారు, ఇప్పుడు "రండి కెప్టెన్ గారూ" అంటూ కుర్చీ తుడిచి మరీ వేస్తున్నారు.

భార్యకి మాత్రం ఒకటే అనుమానం. కోటు దులిపినప్పుడల్లా తుమ్ముతూ అడుగుతుంది. "ఏమండీ, ఆకాశంలో కూడా ఇంత దుమ్ముంటుందా?"

"మబ్బుల్లో దూరితే అంటుకోదూ మరి! నీకేం తెలుసు?" అని కసురుకుంటాడు.

ఇంతకీ ఆ టైర్ల అరుగుదలలో తన వాటా ఎంతో ఆయన మనసుకి తెలుసు.

"ఒట్టేసుకుందాం," అన్నాడు బేకరీ ఆయన. "నా పెద్ద పొయ్యి మీద ఒట్టు. నేను ఒక్కసారి కూడా దీన్ని దబ్బుమని దించలేదు."

"మా మనవరాలి మీద ఒట్టు. నేనూ దించలేదు," అంది టీచరమ్మ.

"మా మామగారి మీద ఒట్టు," అన్నాడు డాక్టరు. గొంతు ఇసుమంతైనా వణకలేదు. చెప్పింది పచ్చి నిజం.

"పోనీ, పెట్రోలు చూడండి, ఎంత పొదుపుగా వాడుతున్నామో!" అన్నాడు బేకరీ ఆయన.

"నాకూ అదే అర్థం కాదు. ఇంత తక్కువ పెట్రోలు తాగి ఇన్ని టైర్లు తినడమేమిటి?" అంది టీచరమ్మ. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఎందుకోగానీ ఆ ఒక్క లెక్కా చివరిదాకా చెయ్యలేదు.

ఇన్నాళ్లూ టైర్లు మార్చింది వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే ఆయన. టైర్లు తప్ప ఇంకేదీ ముట్టుకునేవాడు కాదు. ఈసారి అలా కుదరదని, అసలైన విమానాల మెకానిక్కుకే టీచరమ్మ కబురు పెట్టింది.

ఆ మనిషి వచ్చేలోగా ముగ్గురూ తలో గుడ్డ పట్టుకున్నారు. డాక్టరుగారికి ఇష్టమైన పని తోక దగ్గరి ఎర్ర చెక్క తుడవడం. మూరెడు పొడవు, రెండు పక్కలా బోల్టులు. పంటిని మెరిపించినట్టు మెరిపిస్తాడు.

"పోయిన నెల ఆ చెక్కకి నేను కొత్త రంగు వేశాక, విమానం ఎంత తేలిగ్గా లేస్తోందో గమనించారా?" అన్నాడు బేకరీ ఆయన.

"అయ్యో, గమనించకేం! దూదిపింజలా లేస్తోంది," అంది టీచరమ్మ.

డాక్టరు అందరికంటే గట్టిగా తలూపాడు.

ఇంతలో మెకానిక్కు రానే వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, భుజాన పనిముట్ల సంచి. పలకరింపులేవీ లేకుండా చక్రాల కిందికి దూరింది.

"తప్పెవరిదో ఆ టైర్లు చూసి చెప్పగలవా తల్లీ?" అడిగింది టీచరమ్మ.

"చూస్తే తెలిసిపోతుందండీ. కాస్త ఆగండి."

ఆ పిల్ల టైరు తడిమింది, "ఊఁ" అంది. రెక్క కిందికి వంగింది, మళ్లీ "ఊఁ" అంది. ఒక్కో ఊఁకీ డాక్టరు ప్రాణం సగం పోతోంది. ఆమె తోక దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

ఇక దాచి లాభం లేదనిపించింది ఆయనకి. ఈ అమ్మాయి నోటివెంట వినడం కంటే తనే చెప్పుకుంటే కాస్త పరువైనా దక్కుతుంది. "తప్పు నాదే" అనబోతూ ఒక అడుగు ముందుకేశాడు. చిత్రం, బేకరీ ఆయనా, టీచరమ్మా కూడా అప్పుడే ఒక్కో అడుగు ముందుకేశారు.

ఆమె ఎర్ర చెక్కని టకటకమని తట్టింది. "ఇదెప్పట్నుంచి ఉందండీ?"

"మొదట్నుంచీ!" అన్నారు ముగ్గురూ గర్వంగా.

మెకానిక్కు ఒకసారి చెక్క వంకా, ఒకసారి ముగ్గురి మొహాల వంకా చూసి, "లారీలో తెచ్చేటప్పుడు తోక కదలకుండా బిగించిన చెక్కండీ ఇది, దీన్ని విప్పకపోతే ఈ విమానం జానెడెత్తు కూడా లేవదు, మరి ఈ ఏడేళ్లూ మీరు ముగ్గురూ ఎగిరింది దేంట్లో?" అంది.