నాంచారమ్మ అడిగే ఒకే ప్రశ్న

మా లంకలో ప్రతి ఇంటి వివరాలూ రోజూ జిల్లా కంప్యూటర్లలోని డేటా గిడ్డంగికి ఎక్కాలి. వాటిని బట్టే మందులైనా పడవలైనా వస్తాయి. నిరుడు తుపానప్పుడు ఇళ్ల చరిత్రంతా మొదటినుంచీ ఎక్కించబోయి, సిగ్నల్ పోయి సగంలోనే ఆగిపోయాం. పడవ రాలేదు. ఆ తర్వాతే ఈ పని నాంచారమ్మ చేతికొచ్చింది. ఆమె గుమ్మం గుమ్మానికీ వచ్చి ఒక్కటే అడుగుతుంది.

“నిన్నటికీ ఇయ్యాల్టికీ ఏం మారింది?”

ఈసారి తుపానుకి సిగ్నల్ పది నిమిషాలే ఉంటుందన్నారు. ఆమె ముందే బయల్దేరి, మారినవే ఏరుకుంటూ మా ఇంటికొచ్చింది.

“మా ఇంట్లో ఏం మార్లేదు పిన్నీ,” అన్నాను.

ఆమె గుమ్మం పక్కకి చూసింది. “మరి ఆ చెప్పులెవరివే?”

“మా ఆడపడుచువి. పురిటికని పొద్దున్నే వచ్చింది.”

“ఇంకేం మారాలే పిచ్చిమొద్దూ!” అంటూ రాసుకుంది.

సిగ్నల్ రాగానే మూడు నిమిషాల్లో లంకలో మారినవన్నీ గిడ్డంగికెక్కాయి. సాయంత్రం వానలోనే నర్సుతో పడవ నేరుగా మా ఇంటికొచ్చింది.

మర్నాడు నాంచారమ్మ తడిసిన చీరతోనే వచ్చి అదే ప్రశ్న వేసింది. లోపల పసిబిడ్డ కేరుమంది. నేను నోరు తెరిచేలోపే ఆమె రాసేసుకుంది.