ఆఖరి పోగు

“నిచ్చెన అక్కడే పెట్టండి. వీళ్ళలో ఒక్కడు కూడా ఎక్కడానికి వీల్లేదు,” అన్నాడు ప్రూయిట్.

కోచ్ వెర్లిన్ స్టాంపర్ కదల్లేదు. అతని చేతిలో కత్తెర ఉంది. దెబ్బలకు చుట్టే టేపు కోసే మొండి కత్తెర.

సీజన్‌లో ఆఖరి ఆట ముగిసి రెండు నిమిషాలైంది. శనివారం మధ్యాహ్నం. కెంటకీ కొండల నడుమ బ్రష్ ఫోర్క్ కాలేజీ జిమ్‌లో చెక్క మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ లేచి నిలబడి అరుస్తున్నారు.

“కొయ్యి, వెర్లిన్! కొయ్యి!”

బాస్కెట్‌బాల్‌లో సీజన్ గెలిచిన జట్టు రింగుకి వేలాడే నెట్ కోసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. ఆటగాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పోగు కోస్తారు. ఆఖరి పోగు కోచ్‌ది. అందుకే పోటీలు నడిపే లీగ్‌వాళ్ళు కప్పుతోపాటు నిచ్చెన కూడా తెచ్చారు. కప్పు పట్టుకున్న పెద్దమనిషి బల్ల దగ్గర ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నాడు.

ప్రూయిట్ కాలేజీలో ఆటల వ్యవహారాలన్నీ చూసే అధికారి. వెర్లిన్ చెవి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

“లీగ్‌వాళ్ళు చూస్తున్నారయ్యా. పరువు తియ్యకు.”

“ఎవరి పరువు?”

“కాలేజీ పరువు.”

“జనవరిలో జట్టు ఎత్తేద్దామన్నప్పుడు ఆ పరువు ఎక్కడికి పోయింది?”



నవంబరులో జట్టులో పన్నెండు మంది ఉండేవారు. ఇద్దరికి మోకాళ్ళు పోయాయి. ముగ్గురు పెద్ద కాలేజీలు పిలిస్తే వెళ్ళిపోయారు. ఇద్దరికి మార్కులు చాల్లేదు. జనవరికి మిగిలింది ఐదుగురు. మిగతా ఆటలు మానుకుంటున్నామని లీగ్‌కి రాసేద్దామన్నాడు ప్రూయిట్.

అప్పుడు కెప్టెన్ కోల్టన్ లేచాడు.

“సార్, ఆటకి ఎంతమంది కావాలి?”

“ఐదుగురు.”

“మమ్మల్ని లెక్కెట్టుకోండి.”

ప్రూయిట్ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. ఏ రోజైనా ఐదుగురు బరిలోకి దిగలేకపోతే ఆ రోజుతో జట్టు రద్దు. మళ్ళీ ఉండదు.

అప్పటినుంచి ఐదుగురూ దిగారు, ఒక్క రోజూ తప్పకుండా. ఒకడు జ్వరంతో ఆడాడు. ఒకడు విరిగిన వేలికి పక్క వేలు కట్టుకుని ఆడాడు. మంచులో బస్సు కూరుకుపోతే దిగి నెట్టి, తడి సాక్సులతోనే ఆడారు. ఐదు ఫౌళ్ళు చేసినవాడు బయటికి పోవాలి. పోతే వీళ్ళకి బదులు దిగేవాడు లేడు. ఒక ఊళ్ళో ముగ్గురే మిగిలి ఆఖరి విజిల్ దాకా ఆడారు. ఆ ఊరి జనం లేచి చప్పట్లు కొట్టారు.

వెర్లిన్ ఆదివారం చర్చిలో చందా పళ్ళెం పట్టుకు తిరిగే మనిషి. ప్రతి ఆటకీ ముందు కుర్రాళ్ళతో చేతులు కలిపి ప్రార్థన చేసేవాడు.

“ప్రభువా, ఐదుగుర్నీ నిలబెట్టు.”

అంతే. గెలిపించమని అడిగేవాడు కాదు. ఎదుటివాళ్ళూ ఆయన్నే అడుగుతారు కదా, ఎవరి మాట వినాలో తేలక ఆయనకి ఇబ్బంది దేనికని.

ఇప్పుడు ప్రూయిట్ ముఖం ఎర్రబడింది.

“విను వెర్లిన్. ఆ నెట్ మీద కత్తెర పడిందా, సోమవారం నీ గది ఖాళీ చెయ్యాలి. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. ఆలోచించుకో.”

వెర్లిన్ ఆలోచించాడు. తన ఐదుగుర్నీ చూశాడు. తర్వాత కత్తెర కోల్టన్ చేతిలో పెట్టాడు.

“కానివ్వండ్రా.”

ప్రూయిట్ సైగ చేశాడు. ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన ఎత్తుకుని తలుపు దాటించేశారు. మెట్ల మీంచి ఒకావిడ కేకేసింది.

“నిచ్చెన దేనికిలే ప్రూయిట్, నిన్ను నిలబెట్టి నీ నెత్తి మీద ఎక్కుతారు!”

జిమ్ అంతా నవ్వింది. కానీ రింగు ఉన్నది పదడుగుల ఎత్తున. కోల్టన్ ఎగిరితే నెట్ చేతికి తగులుతోంది గానీ, గాల్లో ఉండి మొండి కత్తెరతో కొయ్యడం కుదరడం లేదు. రెండుసార్లు ఎగిరాడు. మూడోసారి జారి పడ్డాడు.

ఎదుటి జట్టు ఒక పక్కన గుంపుగా నిలబడి ఇదంతా చూస్తోంది. వాళ్ళలో ఏడడుగుల కుర్రాడొకడు తన కోచ్ వైపు తిరిగాడు. ఆ కోచ్ టోపీ తీసి, తల ఊపాడు. కుర్రాడు గబగబా వచ్చి రింగు కింద గొంతుకూర్చున్నాడు.

“ఎక్కు.”

“నీకెందుకురా ఇది?” అన్నాడు కోల్టన్.

“ఎక్కుతావా, ఇట్లాగే కూర్చోబెడతావా?”

కోల్టన్ అతని భుజాల మీద కూర్చున్నాడు. అతను లేచి నిలబడ్డాడు. ఒక పోగు తెగింది. జిమ్ పైకప్పు ఎగిరిపోయేటంత కేక పుట్టింది.

“త్వరగా కానియ్యరా బాబూ, మెడ విరుగుతోంది.”

“ఇంత ఎత్తు పెరిగింది మరి దేనికి?”

ఒక్కొక్కరూ ఎక్కారు, దిగారు. ఐదుగురూ అయ్యారు. అప్పుడు కోల్టన్ వెనక్కి తిరిగాడు.

“రండి కోచ్. మీ పోగు.”

“నాకు అరవై ఒకటిరా!”

“పర్లేదు తాతా, ఎక్కు. మోస్తాను,” అన్నాడు కింద కూర్చున్నవాడు.

వెర్లిన్ ఎక్కాడు. ఒక చేత్తో కుర్రాడి తల పట్టుకున్నాడు.

“వెర్లిన్! సోమవారం!” అని అరిచాడు ప్రూయిట్.

“సోమవారం దాకా కోచ్‌ని నేనేగా!”

కత్తెర కరకరమంది. నెట్ ఊడి అతని ఒళ్ళో పడింది.

అప్పుడు కప్పు పట్టుకున్న పెద్దమనిషి గొంతు సవరించుకుని ఈ ఏటి విజేతలను రమ్మని పిలవగానే, ఆ ఏడడుగుల కుర్రాడు వెర్లిన్‌ని మెల్లగా నేల మీదికి దించి తన జట్టుతో వెళ్ళి కప్పు అందుకుంటుంటే, సీజన్ మొత్తంలో ఇరవై ఆరు ఆటలకి ఇరవై ఆరూ ఓడిన ఆ ఐదుగురూ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు.