కాపలావాడు పిలిచిన వారం

"మళ్ళీ వచ్చేసిందండీ మీ ఆత్రం అక్క," అన్నాడు ఎడిటరు, ఫోను బల్ల మీదుగా తోస్తూ.

బొమ్మలావిడ చూసింది. ప్రతి వారం చూసే ప్రశ్నే.

'వచ్చే వారమైనా పిలుస్తాడా?'

బొమ్మలావిడ గీసే కథ వారం వారం జనం ఫోన్లలో వస్తుంది. పాతకాలపు కోట, ఒక యువరాజు, శత్రురాజు కూతురు. అసలు కథ వాళ్ళ ప్రేమే.

కానీ అసలు కంటే వడ్డీ ముద్దన్నట్టు, పాఠకులు పట్టుకున్నది మరో జంటని. కోట గుమ్మం కాసే మొరటు కాపలావాడు, ఆ గుమ్మం పక్కనే కూర్చుని ముత్యాలు గుచ్చే ఆమె.

వాడికి ఆమె అంటే ప్రాణం. అయినా ఒక్కనాడూ ఆమెను పేరు పెట్టి పిలవడు. "ఇదిగో" అంటాడు, అంతే.

యువరాజు ప్రాణాలకు తెగించి నది ఈదినా మెచ్చుకున్నవాడు లేడు. కింద అభిప్రాయాలన్నీ కాపలావాడి మీదే.

'వీడి నోట్లో బెల్లంగడ్డ ఉందా?'

'యువరాజును ఇంటికి పంపేయండి. మాకు గుమ్మం చూపిస్తే చాలు.'

నిజానికి వాడు ఆమెను పిలిచే పేజీ ఎప్పుడో తయారైంది. బొమ్మలావిడ దాన్ని సొరుగులో దాచింది. వాడు నోరు తెరిచినప్పుడల్లా ఒక వారం బూర ఊదించింది, ఒక వారం గుర్రాన్ని బెదరగొట్టింది. పాఠకులు గగ్గోలు పెట్టేకొద్దీ చదివేవాళ్ళు పెరిగారు.

"చివరి భాగందాకా వాణ్ణి పిలవనివ్వకండి," అన్నాడు ఎడిటరు.

"నాకేం తొందర?" అంది ఆవిడ.

ఊరించడంలో ఒక సుఖం ఉంది. అది ఆవిడకు బాగా అలవాటైపోయింది.

ఆత్రం అక్క ఎవరో ఎవరికీ తెలియదు. ముఖం ఉండాల్సిన చోట గులాబీ బొమ్మ ఉంటుంది. ఆ పేరు తోటి పాఠకులు పెట్టిందే. 'ఏంటక్కా, నిన్నెవరూ పిలవట్లేదా?' అని ఆటపట్టించేవాళ్ళు. ఆత్రం అక్క బదులిచ్చేది కాదు.

ఆ వారం మాత్రం ప్రశ్న కింద ఇంకో ముక్క ఉంది.

'చివరిదాకా ఆగలేం. కాస్త ముందుగా పిలిపించండి.'

బొమ్మలావిడకు ఒళ్ళు మండింది. తన కథ తనకే నేర్పుతోందే ఈ మనిషి?

'ఉడికేదాకా ఆగినవాళ్ళు ఉమ్మగిల్లేదాకా ఆగలేరా? ఆగలేకపోతే వేరే కథ చదువుకోండి,' అని రాసి పడేసింది.

పాఠకులు ఎగబడి మెచ్చుకున్నారు.

'సరేనండి,' అని మాత్రం రాసింది ఆత్రం అక్క. మళ్ళీ కనిపించలేదు.

"పీడ వదిలింది," అన్నాడు ఎడిటరు.

చివరి భాగంలో కాపలావాడు పిలిచాడు. చదివినవాళ్ళు ఏడ్చామని రాశారు. ఆ రాతల మధ్య బొమ్మలావిడ గులాబీ బొమ్మ కోసం వెతికింది. లేదు.

అలిగిందేమోలే అనుకుంది.

కథ పుస్తకంగా వచ్చింది. పుస్తకాల కొట్టులో బొమ్మలావిడ సంతకాలు పెడుతోంది. వరసలో అంతా కాలేజీ పిల్లలే. వాళ్ళ మధ్యలో, బస్సు డ్రైవరు బట్టల్లో భారీగా ఒక పెద్దమనిషి.

ఆయన వంతు వచ్చింది.

"ఎవరి పేరు మీద రాయమంటారు?"

"మా ఆవిడ పేరు మీదమ్మా."

"ఆవిడ పేరు?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు.

"చెప్పండి, వెనక చాలామంది ఉన్నారు."

"అదేనమ్మా... మా ఇంట్లోది..."

"పాపం, పెళ్ళాం పేరు మర్చిపోయినట్టున్నాడే," అంది వెనక ఒక అమ్మాయి. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకుని ఆ పేరు అన్నాడు. పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అన్నాడు. కొట్టంతా వినిపించింది. ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"వచ్చిందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం వచ్చింది?"

"పేరు. కాపురమంతా 'ఇదిగో' అంటూనే గడిచిపోయింది. మొదట్లో సిగ్గు, తర్వాత అలవాటు. ఆస్పత్రిలో పడ్డాక అడిగింది, ఒక్కసారి పేరు పెట్టి పిలవరాదా అని. మంచం దగ్గర నిలబడితే నోరు పెగిలేది కాదమ్మా."

బొమ్మలావిడ కలం ఆగిపోయింది.

"మీ కథ తనే చదివేది. కాపలావాడు అచ్చం మీరేనండీ అని నవ్వేది. వాడు ముందు పిలిస్తే, ఎలా పిలిచాడో చూసి నేనూ అలాగే పిలుద్దామనుకున్నా. వారం వారం తన ఫోన్లోంచే మిమ్మల్ని అడిగేవాణ్ణి."

"చివరి భాగం వచ్చేసరికి..." అంది బొమ్మలావిడ.

"ముందు వారమే పోయింది. మీరేం చేస్తారమ్మా? పిలవాల్సినవాణ్ణి నేను."

ఆ పేజీ సొరుగులో ఎన్నాళ్ళు మూలిగిందో బొమ్మలావిడకు తెలుసు. చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది. తలెత్తకుండా ఆ పేరు రాసింది.

"తొందరగా కానివ్వండి అంకుల్," అన్నారు వెనక నుంచి ఎవరో.

"అయిపోయిందమ్మా," అంటూ ఆత్రం అక్క పుస్తకం చంకలో పెట్టుకుని, పిల్లలకు దారి ఇచ్చి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.