చుక్కల లెక్క

"నాలుగు వందల పదకొండు," అని పెదాల మధ్యే అనుకుని టెక్నీషియన్ లెక్క మీట నొక్కింది.

రంగు చుక్కలు వెలుతురులో సరిగ్గా కనిపించవు. అందుకే పట్టపగలు కిటికీలకు నల్ల తెరలు దించి ఉన్నాయి. మైక్రోస్కోపు కింద కటిక నలుపు, ఆ నలుపులో నీలంగా మెరిసే గుండ్రాలు. ఒక్కో గుండ్రం ఒక రక్తకణం, ఒక్కోదానిలో రెండేసి చుక్కలు. కొన్నింటిలో రెండూ పచ్చ చుక్కలే. అవి రోగి అయిన అమ్మాయి సొంత కణాలు. తక్కినవాటిలో ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. అవి మగవాడివి, దానంగా వచ్చినవి. కాసేపు అలా చూస్తూ ఉంటే కింద కుర్చీ ఉందన్న సంగతి కూడా మరిచిపోతుంది ఆమె. ఎక్కడో మబ్బుల పైన తేలుతున్నట్టుంటుంది.

తలుపు అద్దం అవతల ఒక పెద్దావిడ అరగంట నుంచీ కదలకుండా నిలబడి ఉంది.

ఈ ఉద్యోగంలో చేరి టెక్నీషియన్‌కు రెండు నెలలే. అమ్మాయి ఫైలు పొద్దున్నే చదివింది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్ల. జన్యువుల్లో తల్లి నుంచి ఒక తప్పు, తండ్రి నుంచి ఒక తప్పు, రెండూ కలిసి ఈ పిల్ల మీద పడ్డాయి. పదిహేనేళ్ళు గది దాటకుండా పెరిగింది. ఇంట్లో ఎవరి ఎముక మూలుగా సరిపోలేదు. చివరికి దాతల జాబితాలో ఒక పరాయి కుర్రాడిది సరిపోయింది. ఎముక మూలుగ ఇచ్చాడు, పిల్ల బతికింది. రెండేళ్ళకు ఆ కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోయాడు.

భయమల్లా అక్కడే ఉంది. దాత కణాలు మొదటి ఏడాది నూటికి తొంభై ఎనిమిది. తర్వాత తొంభై ఐదు. పోయినేడు తొంభై. ఇలాగే జారుతూ పోతే మళ్ళీ ఇవ్వమని అడగడానికి ఆ కుర్రాడు లేడు. పైగా ఈ ఏడు అమ్మాయికి న్యుమోనియా వచ్చి తగ్గింది.

పాపం, తను ఇచ్చిన తప్పేమిటో తెలియకుండానే ఇచ్చిన తల్లి, అనుకుంది టెక్నీషియన్ అద్దం వైపు చూసి. మళ్ళీ తల వంచింది.

ఐదు వందలు పూర్తయ్యాయి. సొంతవి యాభై. మొదట నమ్మబుద్ధి కాలేదు. కాగితం మీద మరోసారి వేసి చూసుకుంది. అదే లెక్క. గబగబా వెళ్ళి తలుపు తీసింది.

"తొంభై అండీ! పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే. జారడం ఆగింది."

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది.

"తొంభయ్యా? లెక్కల టీచర్నయి ఉండీ మా ఇంట్లో ఎవరికీ నేను అన్ని మార్కులు తెప్పించలేకపోయాను."

బెంచీ మీద కాళ్ళు ఊపుతూ కూర్చున్న అమ్మాయి కిలకిలా నవ్వింది. "విన్నారా? నేను ఫోన్లో ఒక్కసారి దగ్గితే చాలు, అక్కడ రాత్రంతా జాగారమే. ఇకనైనా పడుకోండని చెప్పండి మీరు."

హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబోలు అనుకుంది టెక్నీషియన్. పిల్లతో ఒక పెద్దావిడ వస్తే స్లైడు చూపించమనీ, ఏటా చూస్తుందనీ పెద్ద డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. "రండి, చూద్దురుగాని," అని లోపలికి పిలిచింది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి వంగింది.

"ఇచ్చినవి ఏవమ్మా?"

"పచ్చా ఎరుపూ జంటగా ఉన్నవి."

చీకటిగదిలో మిషను సన్నగా హుమ్మంటోంది. ఆవిడ ఊపిరి కూడా ఆ శబ్దంలోనే కలిసిపోయింది.

"ఎన్నున్నాయో! ఇవి నిద్రపోతాయా తల్లీ?"

"అబ్బే. రాత్రీ పగలూ ఒంట్లో కాపలా తిరుగుతూనే ఉంటాయి. ఏ క్రిమి వచ్చినా ముందు వీటిని దాటుకుని రావాలి."

"అంత పనిమంతులే!" ఆవిడ నవ్వింది. తల మాత్రం ఎత్తలేదు. "చలికి తట్టుకుంటాయా?"

టెక్నీషియన్‌కు ఆ మాటకు నవ్వొచ్చింది. "ఒంట్లో వెచ్చగానే ఉంటాయండీ," అంది.

"అది చాలు," అంది ఆవిడ.

ఇద్దరూ వెళ్ళిపోయాక చూస్తే కళ్ళజోడు బల్ల మీదే ఉంది. టెక్నీషియన్ తెల్లకోటుతోనే మెట్లు దిగి పరుగెత్తింది. చీకట్లోంచి వచ్చిన కళ్ళకు వీధి అంతా పాలనురుగులా కనిపించింది. మనుషులు, బళ్ళు, చెట్లు అన్నీ అంచులు కరిగిపోయి మెల్లగా తేలుతున్నాయి.

బస్‌స్టాపులో అమ్మాయి అప్పటికే బస్సెక్కింది. పెద్దావిడ కిందే నిలబడి ఉంది.

"ఇదిగోండి, మరిచిపోయారు. మీరెక్కలేదేం? బస్సు వెళ్ళిపోతుంది!"

"నాది వేరే బస్సు తల్లీ," అంటూ ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బస్సు వైపు చెయ్యి ఊపింది.

బస్సు కదిలింది. అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి, వీధంతా వినపడేలా అరిచింది.

"మీ అబ్బాయిని జాగ్రత్తగా చూసుకుంటానండీ!"