దుబాయ్ అల్లుడు

“సాంచాలు బంద్ చెయ్యి, రాజం!” లింగన్న కేకేశాడు.

మరమగ్గాల మోత ఆగాకగానీ షెడ్డు గోడకున్న టీవీ వినపడలేదు. దుబాయ్ నుంచి వస్తున్న విమానం చక్రాలు తెరుచుకోక శంషాబాద్ మీద చక్కర్లు కొడుతోంది.

“ఇయ్యాల్నే గదా నీ అల్లుడు అచ్చేది?” అని, రాజం నాలుక కరుచుకున్నాడు.

లింగన్న మధుకర్‌కు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

“దుబాయ్ నుంచి ఎంతసేపు పడ్తది?”

రాజం ఆరేళ్లు అక్కడ పనిచేసి వచ్చినవాడు. “దూరమేముందే? ఇరవై ఐదు వందల కిలోమీటర్లు. మూడున్నర గంటలు. ఓ కునుకు తీసేటాల్లకు దించుతరు.”

విమానం ఎక్కుతున్నానని పొద్దున మధుకర్ వందనకు ఫోన్ చేసినప్పుడు లింగన్న బిడ్డ పక్కనే ఉన్నాడు. అప్పటి నుంచి వేళ్ల మీద లెక్క పెట్టాడు. మూడున్నర గంటలు దాటింది. మళ్లీ పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా అల్లుడు ఆ విమానంలోనే తేలాడు.

“బాపూ, సాంచాలెందుకు ఆగినయ్?” షెడ్డు వెనక ఇంట్లోంచి వందన గొంతు. తొలి కాన్పుకు సిరిసిల్లకు తోలుకొచ్చిన బిడ్డ. దినాలు నిండాయి.

“కరెంటు పోయింది బిడ్డా.”

“ఈడ ఫ్యాను తిరుగుతనే ఉన్నది గదా?”

“ఈడ ఫ్యూజు కొట్టింది. నువ్వు పండుకో.”

“గా చప్పుడు లేకుంటే నాకు నిద్ర పడ్తదా? ఉండు, నేనే అస్తున్న.”

మంచం కిర్రుమంది. “వద్దు, వద్దు! అయిపాయె!” అని అరిచి, లింగన్న రాజం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “నడ్పు. అన్ని సాంచాలు నడ్పు.”

మోత మొదలైంది. మంచం మళ్లీ కదల్లేదు.

ఇక టీవీలో బొమ్మ తప్ప మాట లేదు. విమానం మేఘాల్లోంచి దిగుతోంది. రన్‌వే పక్కన ఎర్రబండ్లు. “వేములవాడ రాజన్నా, కోడెను కడ్త” అని మొక్కుకున్నాడు లింగన్న. ఆ మాట అతనికే వినపడలేదు. రాజం వచ్చి భుజం పట్టుకున్నాడు.

చక్రాలు తెరుచుకున్నాయి. విమానం నేలను తాకి, ఒకసారి ఎగిరి, మళ్లీ తాకి, ఆగింది. తెర కింద అక్షరాలు పరుగెత్తాయి: ప్రయాణికులందరూ క్షేమం.

లింగన్న నూలు కండెల మధ్య కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అన్ని సాంచాలు ఆడుతున్నాయి కాబట్టి ఎంత గట్టిగా ఏడ్చినా ఫరవాలేదు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని లోపలికి పోయాడు.

“గండం గడిచింది బిడ్డా! దుబాయ్ విమానం దిగింది. మధుకర్ సల్లంగ దిగిండు!”

వందన లేచి కూర్చుంది. తండ్రి ఎర్రటి కళ్ల వైపు వింతగా చూసింది.

“అప్పుడే ఎట్ల దిగుతడు బాపు? ఏ దేశం పోయినా మనోల్లు దుబాయే అంటరు గని, ఆయనుండేది సౌదీల. జెడ్డా నుంచి ఐదున్నర గంటలు పడ్తది. ఇంక సముద్రం మీదనే ఉన్నడు!”