నాలుగో విభాగం

"మూసెయ్యాలి సార్. ఇంకో మాటే లేదు."

అందరికంటే ముందు లేచింది క్యాలిక్యులేటర్. ఆ పిల్ల అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలిపోయింది. నోటిలెక్కల్లో యంత్రాన్ని ఓడిస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరే క్లాసులో స్థిరపడిపోయింది.

అకౌంటింగ్ మాస్టారి గుండెలో రాయి పడింది. పైకి మాత్రం సుద్దముక్క చేతులు మార్చుకుంటూ, "తొందరపడకు తల్లీ. నిదానంగా చెప్పు," అన్నారు.

ఈసారి ఆయన ఇచ్చిన కోర్సువర్కు చిన్నదే. ఒక సంస్థ ఉంది. అందులో నాలుగో విభాగం నష్టాల్లో నడుస్తోంది. ఉంచాలా, మూసెయ్యాలా? లెక్క కట్టి తేల్చాలి.

అది పిల్లల కోసం అల్లిన లెక్క కాదు. ఏ సంస్థో, ఏం పనో తెలియకుండా పేర్లన్నీ తీసేసి, అంకెలు మాత్రం నిజమైనవే ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే పెద్దలు కూర్చుని నాలుగో విభాగం సంగతి తేల్చేస్తారు. దాన్ని నిలబెట్టే కారణం ఒక్కటంటే ఒక్కటి చూపించమని మాస్టారినే అడిగారు. ఆయన ఆ అంకెల్ని తిరగేసి బోర్లేసి చూశారు. దారి దొరకలేదు. ఒక అంకెను కాస్త అటూ ఇటూ జరిపితే నష్టం ఇట్టే మాయమైపోతుంది. ఆ పనికి చెయ్యి రాలేదు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య గుమ్మందాకా వచ్చింది.

"ఏవండీ, దారేమైనా దొరికిందా?"

"పిల్లలకిచ్చాను. చూద్దాం."

"పిల్లలకా! మీకు దొరకనిది వాళ్లకి దొరుకుతుందా?"

"కొత్త కళ్లు కదే. నాకు కనబడనిది కనబడుతుందేమో."

ఆశ చెడ్డది. అందులోనూ, లెక్కలు వచ్చినవాడి ఆశ మరీ చెడ్డది.

"ఉమ్మడి ఖర్చు చూశారా?" మాస్టారు క్లాసంతటినీ అడిగారు. "భవనం అద్దె, కాపలావాళ్ల జీతాలు, పెద్దాఫీసు హంగులు... వాటిలో ఇంత వాటా తెచ్చి నాలుగో విభాగం నెత్తిన రుద్దారు. విభాగం మూసేసినా ఆ ఖర్చు ఆగదు కదరా?"

"అది మీరు నేర్పిందేగా సార్!" ప్లీడరు లేచాడు. వాదన మొదలెడితే గోడ చేత కూడా ఔననిపించే రకం వాడు. "అదంతా తీసి అవతల పెట్టే చూశాం. అయినా నష్టమే. అసలు జబ్బు ఖర్చు కాదు సార్, వచ్చేవాళ్లు లేరు. ఖాతాదారులు ఏటికేడాది తగ్గిపోతున్నారు."

"అక్కడ అయిదుగురు పనిచేస్తున్నారురా. వాళ్లకీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు."

"లెక్కల పుస్తకంలో జాలికి కాలమ్ లేదని మీరే అన్నారు సార్."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. అన్న మాట నిజమే. ఏటా మొదటి పాఠంలో ఆయన అనే మాటే అది. దానికి చప్పట్లు కూడా పడేవి.

"పైగా ఆ అయిదుగురిలో అందరికంటే పెద్ద జీతం ఒకాయనది," క్యాలిక్యులేటర్ అందుకుంది. "నష్టంలో సగం ఆయనొక్కడే."

"ఇరవయ్యేళ్లుగా దాన్నే నమ్ముకుని ఉన్నాడమ్మా. ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"ఆ ఇరవయ్యేళ్లూ అయిపోయిన ఖర్చు సార్. ఇక తిరిగి రాదు. నిర్ణయానికి దాంతో పనిలేదు."

పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. తప్పు పట్టడానికి సందు లేదు.

"పోనీ, ఖాతాదారుల మాటేమిటి? కొద్దిమందే కావచ్చు. నమ్మి వచ్చారు. వాళ్లని నడిమధ్యలో ఏం చేస్తారు?"

"పక్క ఊళ్లో ఇలాంటి సంస్థకే అప్పజెప్పేస్తే సరి," ప్లీడరు తేలిగ్గా చెయ్యి ఊపాడు. "నాలుగు రోజులు గోల చేస్తారు. తర్వాత వాళ్లే సర్దుకుంటారు. వాళ్లదేం పోయింది సార్?"

మాస్టారు ఒక్కొక్కరి మొహం వంకా చూశారు. క్లాసు మొత్తం ముందు రెండు బెంచీల్లోనే ఉంది.

"ఉంచాలని రాసినవాళ్లు... ఒక్కరైనా?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

ఆయనకి ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఎక్కడైనా ఒక కూడిక తప్పితే బాగుండునని, ఎర్ర పెన్ను పట్టుకుని అక్కడికక్కడే కాగితాలన్నీ వెతికారు. ఎవరూ తప్పలేదు. ఇంతకుముందు ఏ బ్యాచికీ ఈ పాఠం ఇంత బాగా ఒంటపట్టలేదు. గర్వపడాల్సిన చోట ఏడుపొచ్చింది. అందరికీ పూర్తి మార్కులు వేశారు.

గంట మోగింది. పిల్లలు కేరింతలు కొడుతూ లేచారు.

"నిజంగా అలాంటి సంస్థ ఉంటే మా కాగితాలు వాళ్లకి పంపండి సార్. ఉచిత సలహా!" అన్నాడు ప్లీడరు.

"అలాగేలే."

క్యాలిక్యులేటర్ గుమ్మం దగ్గర ఆగింది. "వచ్చే ఏడు ఆడిటింగ్ మీరే చెప్పాలి సార్. ఇంకెవరొచ్చినా మేం ఊరుకోం."

ఆయన చేతుల సుద్ద దులుపుకుంటూ తలూపారు.

మధ్యాహ్నం పై అంతస్తులో యూనివర్సిటీ పెద్దలు "మీరేమంటారు మాస్టారూ?" అని అడిగితే, "మా పిల్లలు కూడా అదే తేల్చారండీ" అని చెప్పి, తన అకౌంటింగ్ విభాగాన్ని మూసెయ్యడానికి ఒప్పుకుంటూ ఆయన సంతకం పెట్టారు.