వెయ్యేళ్ల తొట్టి

చెల్లీ బొహ్దానా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ ఆయన దగ్గు తగ్గిందా? నాకు అదే బెంగ.

కోడలు రాద్కా నన్ను వెయ్యేళ్లనాటి స్లావు జాతివాళ్ల ఊరంటూ ఆరుబయట మ్యూజియానికి తీసుకెళ్లింది. మట్టి గుడిసెలు, పొగగొట్టం లేని పొయ్యిలు. మన చిన్నతనానికి టికెట్టు పెట్టారు.

ఒక గుడిసెలో పిండి పిసికే కొయ్యతొట్టి ఉంది. "పూర్వీకులది, ముట్టుకోకండి బామ్మగారూ" అన్నాడు చూపించేవాడు. దాని అంచున నీ పాలపళ్ల గాట్లున్నాయి. అది మన అమ్మ తొట్టి.

"పురుగు పట్టిందని పొయ్యిలో పెట్టానన్నావు కదే?" అన్నాను రాద్కాతో.

"ఇక్కడైతే భద్రంగా ఉంటుంది కదత్తయ్యా" అంది.

"అయితే నన్నూ ఇక్కడే దింపిపో."

మీరిద్దరూ రండి. పెద్ద గోనెసంచి తీసుకురా. మీ ఆయన గుమ్మంలో గట్టిగా దగ్గితే చూపించేవాడు మంచినీళ్లకి పరిగెడతాడు. అందాకా ఆయనకు మందు వేయకు. ముహూర్తం జూన్ పద్నాలుగు, శనివారం.